ఏడో బెజ్జం

వంటింటి బల్ల దగ్గర నుంచి,
ఫిబ్రవరి 3

చిరంజీవి పిచ్చుకకు,

అరవై ఏళ్ళ వాడిని పిచ్చుక అని రాస్తే బాగుండదేమో. మీ అక్క అలాగే పిలిచేది. నాకు వేరే పిలుపు రాదు.

నీ పార్సిలు అందింది. రెండు మౌతార్గాన్లూ విప్పి, కడిగి, స్వరం పలికే ఇత్తడి రీడులు శ్రుతి చేసి పంపుతున్నాను. ఎర్ర డబ్బాలో ఉన్నదానికి పక్క మీట పట్టేస్తోంది. నూనె వేయకు. వాయించగానే తడి తుడిచి పెట్టు. ఇది వందసార్లు చెప్పాను. నూట ఒకటోసారి చెబుతున్నాను.

మూడో మౌతార్గాన్ నల్ల గుడ్డ సంచిలో ఉంది. కిందటి ఆగస్టులో నువ్వు పంపిన పెట్టె. దాని పని అక్టోబరులోనే అయిపోయింది. పంపడానికి ఆలస్యమైంది. దాన్ని రోజూ వాడకు. మంచి సందర్భానికి ఉంచుకో.

మీ అక్క పోయి ఈరోజుకి మూడు నెలలు.

ఇక్కడ చెప్పడానికి ఇంకేం లేదు. వేళకి తిను.

నీ బావ


స్టేషనుకు ఎదురు హోటలు, గది నంబరు 14,
ఫిబ్రవరి 21

బావా,

నేను క్షేమం అని రాస్తే నువ్వు నమ్మవు కాబట్టి రాయను. చీలమండ బెణికింది. జలుబు. ఈ హోటల్లో వేడినీళ్ళ కుళాయి తిప్పితే గోడలోంచి మూలుగు వస్తుంది గానీ నీళ్ళు రావు. మిగతా అంతా క్షేమమే.

పెట్టెలు అందాయి. అమోఘం! వెన్నలా ఉన్నాయి. కళ్ళు ఆనడం లేదని చెప్పి రిపేరు దుకాణం మానేసిన మనిషివి, ఒక్కో పెట్టెలో నలభై ఎనిమిది రీడులు, వెంట్రుకంత సన్నపు పని, ఎలా చేస్తున్నావయ్యా? మా డ్రమ్ములావిడ అడిగింది, మీ బావ ఇంకెవరికైనా చేసిపెడతాడా అని. నాకొక్కడికే చేస్తాడు, ఆయన నా ఆస్తి అన్నాను. "నీ వాయిద్యం జేబులో పడుతుంది, నా డ్రమ్ములు మోయలేక నడుము విరుగుతోంది, దేవుడు పక్షపాతి" అని తిట్టింది.

మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తవు. అక్క ఉన్నప్పుడూ అంతే. ఆవిడే ఎత్తి, "మీ బావ బాగున్నాడట, నువ్వు సన్నబడ్డావట" అని నీ మాట కూడా తనే చెప్పేసేది. ఫోన్లో నన్ను చూడకుండానే సన్నబడ్డానని నీకెలా తెలిసేదో! నీ గొంతు విని ఎన్నేళ్ళయిందో లెక్కపెడితే భయమేసింది. సరే, ఉత్తరాలే రాసుకుందాం.

ఇప్పుడు అసలు కబురు. నా పేరుతో రికార్డు వేస్తారట. నా పేరుతో, బావా! నలభై ఏళ్ళు ఇంకొకళ్ళ పాటల మధ్యలో అరనిమిషం వాయించిన వాణ్ణి. ఎవరికైనా ఏడుపు కావలసి వస్తే నాకు కబురొచ్చేది, ఏడ్చిపెట్టి వచ్చేవాణ్ణి. మొదట్లో ఒక క్లబ్బులో గాయని గొంతు తడుపుకునే ఖాళీలో నన్ను ఎక్కించేవాళ్ళు. "ఆ పిల్లల బొమ్మ తీసుకుని ఒక ఐదు నిమిషాలు నెట్టుకురావోయ్" అనేవాడు యజమాని. ఐదు నిమిషాలు నెట్టీ నెట్టీ ఇక్కడిదాకా వచ్చాను. మేలో మూడు రోజులు స్టూడియో. ఎనిమిది పాటలు. పియానో ఆయన, బేస్ వాయించే ఆయన, డ్రమ్ములావిడ, నేను. చివరి పాట నేను కట్టింది. అక్క కోసం.

జాజ్ అంటే ఏమిట్రా అని నువ్వొకసారి అడిగావు, గుర్తుందా? అందరం కలిసి ఒక పాట చెబుతాం. తర్వాత ఒక్కొక్కడూ దాన్ని వదిలి తన ఇష్టమొచ్చిన దారిన తిరిగొస్తాడు. ఎంత దూరమైనా పోవచ్చు. కానీ ఇంటికి రావాలి. పోవడం ఎవడైనా పోతాడు. రావడమే విద్య.

ఇది రాస్తుంటే నన్ను నేనే తిట్టుకున్నట్టుంది. నవంబరు సంగతి రాయాలని కలం పట్టుకున్న ప్రతిసారీ ఇలా వేళాకోళాలే వస్తున్నాయి.

నీ పిచ్చుక


వంటింటి బల్ల,
మార్చి 9

పిచ్చుకకు,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. ఎదురింటి టైలరు కూడా చదివాడు, అడగకుండానే. "మీ బావమరిది రాస్తే నవ్వొస్తుంది, మీరు రాస్తే ఆకలేస్తుంది" అన్నాడు. నేను ఐదో తరగతి దాకానే కదా.

నీ పేరుతో రికార్డు. సంతోషం. నాకు ఎక్కువ రాయడం రాదు కనుక ఒక్కసారే రాస్తున్నాను. సంతోషం.

నవంబరు సంగతి రాయనవసరం లేదు.

ఒక మాట అడుగుతాను. పెట్టెల్లో ఎక్కడైనా తేడా ఉంటే చెప్పు. పై స్వరాలు ముఖ్యంగా. మొహమాటపడకు. పనివాడికి తప్పు చెబితేనే మేలు.

ఇక్కడ టీ గిన్నె మాడింది. నీళ్ళు ఇగిరిపోయి, అడుగు ఎర్రగా కాలింది. పరధ్యానం. టైలరు పొగ చూసి పరుగెత్తుకొచ్చాడు.

నీ పాటకి ఒకటి చెప్పనా? మీ అక్కకి నువ్వు పట్టే పొడుగు స్వరాలే ఇష్టం. గబగబా వాయిస్తే, "వీడికి బస్సు టైమైనట్టుంది" అనేది.

బావ


అదే హోటలు, గది నంబరు 9 (ఇందులో నీళ్ళొస్తాయి),
ఏప్రిల్ 6

బావా,

తేడానా? ఏం తేడా? వెంట్రుక మందం లేదు. యాభై ఏళ్ళ పనివాడివి, ఇప్పుడు నా దగ్గర సర్టిఫికెట్ అడుగుతున్నావా?

తేడా ఏమైనా ఉంటే నాలోనే. ఊపిరి మునుపటిలా నిలవడం లేదు. ఒక్కో చోట స్వరం కిందికి జారుతోంది. పియానో ఆయన తలెత్తి చూసి, మళ్ళీ తన మెట్ల మీదికి వంగుతాడు. ముసలివాణ్ణి గౌరవించడమంటే ఇదే కాబోలు. డాక్టరు ఛాతీ మీద చల్లటి బిళ్ళ పెట్టి, "ఊదండి, పీల్చండి" అన్నాడు. బతుకంతా చేసిన పని అదే కదయ్యా అన్నాను. నవ్వలేదు.

కిందటి వారం డ్రమ్ములావిడని గోళ్ళ ఆకురాయి అడిగి తీసుకున్నాను. "ఈ వయసులో సోకులా!" అని బండిలో ఉన్నంతసేపూ ఏడిపించింది.

"బస్సు టైమైనట్టుంది" అన్నమాట చదివి గదిలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. తర్వాత ఆ పాట మళ్ళీ కట్టాను. ఇప్పుడు అందులో మొత్తం పదకొండు పొడుగు స్వరాలే. వెళ్ళి తిరిగొచ్చే చోట ఒకటి ఉంది. ఏడో బెజ్జంలో, ఊపిరి లోపలికి పీలుస్తూ పట్టేది. అది ఎంతసేపు నిలబడితే పాట అంత.

నా చిన్నప్పుడు ఇల్లు లేక రేకు పెట్టె పట్టుకుని మీ గుమ్మంలో నిలబడ్డ రోజు జ్ఞాపకం వస్తోంది. మీ పెళ్ళయి నెల. కొత్త సంసారంలోకి ఎనిమిదేళ్ళ లగేజీ. నేను ఏడుస్తుంటే అక్కకి ఏం చేయాలో తోచలేదు. నువ్వు దుకాణం నుంచి తెచ్చిన విరిగిన మౌతార్గాన్ ఒకటి నా చేతిలో పెట్టావు. రెండు స్వరాలు పలికేవి కాదు. "ఏడిస్తే ఇందులో ఏడు" అన్నావు. అంతే, ఆ వారమంతా నువ్వు నాతో మాట్లాడింది ఆ ఒక్క మాటే.

నల్ల సంచిలోది ఇంకా విప్పలేదు. మంచి సందర్భం అన్నావు కదా. స్టూడియోకి తీసుకెళ్ళనా?

పిచ్చుక


వంటింటి బల్ల,
ఏప్రిల్ 22

పిచ్చుకకు,

తీసుకెళ్ళు. దాని కోసమే ఉంచాను.

వాయించే ముందు చంకలో పెట్టుకుని వెచ్చబెట్టుకో. చల్లటి పెట్టెలో ఊదకు.

మందులు వాడు.

బావ


స్టూడియో పక్క సందు, టీ కొట్టు బల్ల మీద నుంచి,
మే 27

బావా,

అయిపోయింది. జరగలేదు. రెండూ నిజమే.

మొదటి రెండు రోజులు ఏడు పాటలు. ఫరవాలేదు. మూడో రోజు పొద్దున నల్ల సంచి విప్పాను. ఆ పెట్టెలో ఏదో ఉంది బావా. మొదటి ఊపిరికే పియానో ఆయన వాయించడం ఆపి, "ఇది ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు?" అన్నాడు.

అక్క పాట మొదలుపెట్టాం. నాలుగోసారి బాగా కుదిరింది. అందరం వెళ్ళాం, తిరిగాం, ఇక ఇంటికి రావాలి. ఏడో బెజ్జం. పీల్చాను. స్వరం పలికింది. రెండు క్షణాలు నిలబడింది. తర్వాత కిందికి కుంగింది, దాహంగా ఉన్న మనిషి గొంతులాగా. చిన్నగా టిక్ మంది. ఆ తర్వాత అందులోంచి నా ఊపిరి తప్ప ఏమీ రాలేదు. రీడు విరిగిపోయింది.

పియానో ఆయన తను వాయించే ముక్క ఆపకుండా ఇంకాసేపు వాయించాడు, నేను తేరుకుంటానేమోనని. తర్వాత ఆయనా చేతులు తీసేశాడు.

మిగతా రెండు పెట్టెలూ ఆ పాటకి పనికిరాలేదు. ఏడు పాటలతోనే రికార్డు వేస్తాం అన్నారు కంపెనీ వాళ్ళు. నేనే వద్దన్నాను. ఆ పాట లేని రికార్డు మీద నా పేరెందుకు? "మొండి" అన్నారు. ఇక పిలవరు.

తప్పు నాదే. దమ్ము చాలక గట్టిగా లాగేశాను. రీడు ఎంతని ఓర్చుకుంటుంది? నువ్వేం బాధపడకు. మూడు పెట్టెలూ పంపుతున్నాను. తొందరేం లేదు. డాక్టరు కూడా ఇక చాలించమనే అంటున్నాడు.

పిచ్చుక


వంటింటి బల్ల,
జూన్ 11

పిచ్చుకకు,

ఈ ఉత్తరం నాలుగు రోజులుగా రాస్తున్నాను.

పెట్టెలు విప్పాను. గట్టిగా పీలిస్తే రీడు విరగదు. యాభై ఏళ్ళలో నేను చూసిన విరిగిన రీడులన్నీ ఒక్క కారణానికే విరిగాయి. రీడు మొదట్లో, దాన్ని బిగించిన మేకు పక్కన, అడ్డంగా గీత పడితే అక్కడే పగులుతుంది. నిలువుగా గీకాలి, అడ్డంగా గీకకూడదు. నీకు తొమ్మిదో ఏట చెప్పాను. నువ్వు విన్లేదు. బయటికి పరుగెత్తావు.

ఏడో బెజ్జం రీడు మొదట్లో మూడు గీతలున్నాయి. అడ్డంగా. గోళ్ళ ఆకురాయి గీతలు. నా పనిముట్టు గీత అలా ఉండదు.

తర్వాత మిగతా రెండు పెట్టెలూ చూశాను. వాటిలో పంతొమ్మిది రీడుల మీద నీ గీతలున్నాయి. కొన్ని పాతవి, పచ్చబడ్డాయి. అంటే రెండు మూడు నెలలుగా గీకుతున్నావు. వెంట్రుక మందం తేడా లేదని నాకు రాస్తూ గీకుతున్నావు.

కోపం లేదు. నేనూ చెప్పలేదు కనక.

కళ్ళు ఆనడం లేదని దుకాణం మానేశానన్నాను. అబద్ధం. నా కళ్ళకేం? చూశావుగా, నీ గీతలు లెక్కపెట్టాను. పోయింది చెవులు. ఆరేళ్ళయింది. ముందు పై స్వరాలు పోయాయి. తర్వాత గుమ్మం చప్పుడు. ఇప్పుడు టైలరు తన సుద్దముక్కతో బల్ల మీద రాస్తాడు, నేను నోటితో జవాబు చెబుతాను. అందుకే ఫోను ఎత్తను.

ఈ ఆరేళ్ళూ నీ పెట్టెలు శ్రుతి చేసింది మీ అక్క.

తను ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చునేది. నేను గీకి, ఊదేవాణ్ణి. తను వినేది. అరచెయ్యి పైకి పెడితే స్వరం పెంచాలి. కిందికి పెడితే దించాలి. పిడికిలి మూస్తే చాలు. ఒక్కో పెట్టెకి మూడు రోజులు పట్టేది. తనకి సంగీతం రాదు. నీ గొంతు తెలుసు, అంతే. "నా తమ్ముడి నోట్లో ఇది ఇలా ఉండదు" అనేది. పై స్వరాలు ఎప్పుడూ పిసరంత ఎక్కువే పెట్టించేది. ఎందుకంటే, చిన్నప్పుడు నువ్వు ఆకలికి అరిచే అరుపు అంత పైన ఉండేదట. తనకి అదే సరైన శ్రుతి.

నీకు చెప్పొద్దని నేనే అన్నాను. నువ్వు వేరే పనివాణ్ణి చూసుకుంటావని భయం. పార్సిలు రాకపోతే నువ్వు ఇంటికి ఉత్తరమూ రాయవు. తను పోయాక ఇంకా భయం.

తను పోయాక రెండు పెట్టెలూ నేనే చేశాను. రీడులు బిగించిన ఇత్తడి పలకని పళ్ళతో పట్టుకుని, వాటి వణుకు చూసుకుని చేశాను. కింది స్వరాలు పళ్ళకి తెలుస్తాయి. పైవి తెలియవు. తేడా ఉంటే చెప్పమని అందుకే అడిగాను. లేదన్నావు. నమ్మాను. నమ్మాలనిపించింది.

నల్ల సంచిలోది అక్టోబరులో మీ అక్క విన్నది. అదే చివరిది. చివరి రీడుకి పిడికిలి మూసి, నడుం వాలుస్తానని లేచింది. నాలుగు రోజుల తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

ఇది ముందే రాసి ఉండాల్సింది.

బావ


చెల్లి గారి మేడగది (అద్దెకిచ్చిన ముసలావిడ నన్ను అన్నయ్య అంటుంది, నేను చెల్లి అంటున్నాను),
జూన్ 19

బావా,

నాలుగేళ్ళ కిందట నేను వచ్చినప్పుడు చూశాను. నువ్వు పని చేసుకుంటున్నావు. అక్క ఎదురుగా కూర్చుని చెయ్యి అటూ ఇటూ ఆడిస్తోంది. ఈగలు తోలుతోందనుకున్నాను. "ఏమిటే, బావకి విసనకర్రవా?" అన్నాను కూడా. అక్క నవ్వింది. నీకు వినపడలేదు. నువ్వూ నవ్వావు.

చెప్తాను. అన్నీ చెప్తాను.

ఫిబ్రవరిలో వచ్చిన పెట్టెల్లో పై స్వరాలు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఉన్నాయి. దుఃఖంలో ఉన్నావు, చెయ్యి వణికింది అనుకున్నాను. అంత దుఃఖంలో ఉన్నవాడికి ఎలా రాయను? అక్క పోయినప్పుడు రాని వాణ్ణి, శ్రుతి తప్పిందని రాయనా? మొదట నోటితోనే సర్దుకున్నాను. పెదవి బిగిస్తే కొంత లొంగుతుంది. తర్వాత ఆకురాయి. ఊపిరి సంగతి సగం నిజం, సగం నీ కోసం కల్పించింది. పియానో ఆయన ఇంకో పనివాడి చిరునామా రాసిచ్చాడు. జేబులో పెట్టుకుని పంట్లాంతో సహా ఉతికేశాను, కావాలనే. నీ చేతిది తప్ప ఇంకోటి నా నోట్లో పెట్టుకోకూడదని అదొక ఒట్టు వేసుకున్నాను. రాని వాడి ఒట్టు.

నల్ల సంచిలో పెట్టెకి ఏ సర్దుబాటూ అక్కర్లేదు. నా ఊపిరిని అదే వెతుక్కుంటూ వచ్చినట్టుంది. కానీ మూడోసారి వాయించాక రికార్డింగు ఇంజనీరు శ్రుతి చూసే తన మీటరు చూపించాడు. "ఈ స్వరం పిసరు ఎక్కువుంది, పియానోతో కలవదు" అన్నాడు. సూది మధ్యకి రావాలట. నా చెవికి ఏమీ తేడా అనిపించలేదు. అనిపించకపోయినా, అలవాటైపోయిన చెయ్యి కదా. పక్క గదిలోకి వెళ్ళి మూత విప్పాను. మూడుసార్లు గీకాను. సూది మధ్యకి వచ్చింది. ఇంజనీరు భేష్ అన్నాడు.

అక్క చెయ్యి పైకి పెట్టిన స్వరాన్ని నేను కిందికి దించాను బావా. ఆ స్వరమే. వేరేది కాదు.

నవంబరు సంగతి. నీ టెలిగ్రాం అందేసరికి నేను బండిలో ఒక్క రోజు దూరంలో ఉన్నాను. ఆ సాయంత్రం కచేరీ. మానేసి రావచ్చు. ఎవరూ కాదనేవాళ్ళు కాదు. డ్రమ్ములావిడ నా సంచి సర్ది గుమ్మంలో పెట్టింది. నేనే కదల్లేదు. వాయించాను. బాగా వాయించాను, అదే సిగ్గు. వస్తే అక్క పడుకుని ఉంటుంది, నన్ను పిచ్చుకా అనదు. రాకపోతే ఎక్కడో ఉన్నట్టే ఉంటుంది. ఇంతే నా లెక్క. రావడమే విద్య అని నీకు రాశాను చూడు, ఆ చెయ్యి విరగ్గొట్టాలి.

ఏం చేయమంటావో చెప్పు.

పిచ్చుక


వంటింటి బల్ల,
జూలై 2

పిచ్చుకకు,

నువ్వు రాలేదని తను తెలుసుకోలేదు. ఆ బాధ నీకూ నాకూ తప్ప తనకి లేదు.

నల్ల సంచిలో పెట్టె శుభ్రం చేశాను. విరిగిన రీడు తీసేశాను. కొత్తది వేయగలను. శ్రుతి చేయలేను. ఇంకొకరి చేత చేయిస్తే అది వాళ్ళ శ్రుతి. అందుకని ఆ చోటు ఖాళీగా వదిలేశాను. ఏడో బెజ్జంలో పీలిస్తే గాలి వస్తుంది. తక్కిన నలభై ఏడూ తను విన్నవే. నువ్వు వాటిని ముట్టుకోలేదు, చూశాను.

దీన్ని పోస్టులో పంపను. వచ్చి తీసుకెళ్ళు.

టైలరు రెండో మంచం ఇస్తానన్నాడు.

బావ


చెల్లి గారి మేడగది,
ఆగస్టు 14

బావా,

చేరాను. బండిలో సీటు దొరికింది. నువ్వు కట్టిచ్చిన రొట్టెలు పక్కావిడ కూడా తిన్నది. "మీ ఇంట్లో ఎవరు చేశారు?" అంది. మా బావ అంటే నమ్మలేదు.

ఒకటి చెప్పకుండా వచ్చేశాను. ఎదురుగా ఉండగా చెప్పలేకపోయాను. సుద్దముక్కతో బల్ల మీద రాద్దామన్నా చెయ్యి రాలేదు.

ఆ మంగళవారం పొద్దున నన్ను అక్క పీట మీద కూర్చోబెట్టావు. నల్ల సంచి విప్పి ఇచ్చావు. అక్క పాట వాయించమన్నావు. చంకలో పెట్టుకుని వెచ్చబెట్టుకున్నాను. పెదవుల దగ్గర పెట్టుకున్నాను. నువ్వు బల్ల మీదుగా చెయ్యి చాపి, రెండు వేళ్ళు పెట్టె అంచు మీద ఆనించి కళ్ళు మూసుకున్నావు.

నేను వాయించలేదు బావా.

నీకు తెలుసు, ఊదిన కొద్దీ రీడు అరుగుతుంది. ప్రతి ఊపిరికీ కనబడనంత శ్రుతి జారుతుంది. నువ్వు నేర్పిందే. నేను ఒక్క పాట వాయిస్తే ఆ పాట మేరకు అక్క విన్నది చెరిగిపోతుంది. ఒకసారి చెరిపాను. రెండోసారి చేతకాలేదు. ఊరికే పెట్టెని పెదవుల మీద అటూ ఇటూ జరిపాను. తల ఊపాను. మధ్యలో టైలరు చొక్కా పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. నన్ను చూశాడు, నిన్ను చూశాడు. ఆ వాగుడుకాయ ఒక్క మాట అనకుండా చొక్కా కుర్చీ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

చివర పెట్టె దించాను. నువ్వు కళ్ళు తెరిచి "బాగుంది" అన్నావు.

చెవులు లేని మనిషిని, అక్క పీట మీద కూర్చుని, మోసం చేశాను. ఇదివరకు చేసినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. పెట్టె నా సంచిలోనే ఉంది. తీసి చూడడానికి కూడా భయంగా ఉంది. నువ్వు బాగుంది అన్నమాట చెవుల్లో నుంచి పోవడం లేదు.

పిచ్చుక


వంటింటి బల్ల,
ఆగస్టు 23

పిచ్చుకకు,

నువ్వు వాయించలేదని నాకు తెలుసు. నా వేళ్ళు పెట్టె మీదే ఉన్నాయి కదా. యాభై ఏళ్ళ వేళ్ళు. రీడు కదిలితే వాటికి తెలియదా?

అయినా బాగుందనే అన్నాను. మోసపోయి అనలేదు. నువ్వు పాట పొడుగునా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నావు. నేను రెండుసార్లు కళ్ళు తెరిచి చూశాను. మీ అక్క కూడా పిడికిలి మూసే ముందు అలాగే ఊపిరి బిగబట్టేది. అదే మొహం. అందుకని అన్నాను.

ఇక ఊదు. నువ్వు దాచుకోవడానికి తను మూడు రోజులు ఆ పీట మీద కూర్చోలేదు. ఏడో బెజ్జం దగ్గర గాలి వస్తే రానీ.

అరిగిపోయాక నాకు పంపు. బాగు చేయలేను. తుడిచి పెడతాను.

బావ